సిలిండర్ ఉన్న ఇంటి వెనక నీళ్ల పొయ్యి

ఎడిటర్ గారికి,

నమస్కారం. వంట గ్యాస్ మీద పత్రికల్లో వచ్చే వార్తలు ధర పెరిగిందనో, సబ్సిడీ పడలేదనో, ఇన్ని లక్షల కనెక్షన్లు ఇచ్చామనో ఉంటాయి. పల్లెలో ఇంధనం అసలు దేనికి కాలుతోందో వాటిలో కనబడదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019-21) ప్రకారం తెలంగాణలో తొంభై శాతానికి పైగా ఇళ్లు వంటకు గ్యాస్, కరెంటు లాంటి పొగరాని ఇంధనాలే వాడుతున్నాయి. లెక్క తప్పని మేము అనడం లేదు. కాకపోతే ఆ లెక్క ముఖ్యంగా దేనితో వండుతారన్న దాని మీద నడుస్తుంది. ‘గ్యాస్’ అని జవాబు చెప్పిన ఇంటి వెనక్కి వెళ్లి చూస్తే మూడు రాళ్ల మీద మసి పట్టిన కాగు, పక్కన పత్తి కట్టె కుప్ప ఉంటాయి. వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి జిల్లాల ఊళ్లలో ఇది ఎవరికీ వింత కాదు.

ఆ పొయ్యి మీద ఎడ్లున్న ఇంట్లో ఉలవలు ఉడుకుతాయి, పండుగకు సకినాలు కాలుతాయి, ఆదివారం కూర ఉడుకుతుంది. ఇవన్నీ కలిపినా స్నానాల నీళ్లకు పోయే కట్టెలో సగం కావు. ‘ఆడవాళ్లకు కట్టెల పొయ్యి రుచి అలవాటు, గ్యాస్ ఇచ్చినా మానరు’ అని ఆఫీసుల్లో తేలిగ్గా అనేస్తుంటారు. రుచి సంగతి తర్వాత, ముందు లెక్క చూడండి.

అయిదుగురున్న ఇంట్లో మనిషికొక బకెట్ చొప్పున రోజుకు వంద లీటర్ల వేడినీళ్లు కావాలి. బోరు నీళ్లను 25 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు తేవాలంటే లీటరుకు 20 కిలో కేలరీల చొప్పున మొత్తం 2,000 కిలో కేలరీలు నీళ్లలోకి చేరాలి. బాగా ఎండిన కట్టె కిలోకు సుమారు 3,500 నుంచి 4,000 కిలో కేలరీలు ఇస్తుంది. మూడు రాళ్ల పొయ్యి మీద అందులో వందకు పది, పన్నెండు పాళ్లే కాగుకు అందుతాయి. మిగిలిందంతా పక్కల నుంచి గాలికి, కింద నేలకు పోతుంది. అంటే కిలో కట్టె కాలిస్తే నీళ్లకు దక్కేది నాలుగు వందల చిల్లర. రోజుకు నాలుగున్నర కిలోలు కావాలి. ఎండాకాలం నాలుగు నెలలు తీసేసినా, ఏడాదికి టన్నుకు పైగా కట్టె ఒక్క స్నానాలకే బూడిదవుతుంది. తలమోపుకు ఇరవై అయిదు కిలోలు అనుకున్నా నలభైకి పైగా మోపులు. వాటిని మోసేది ఎవరో చెప్పక్కర్లేదు.

ఇవే నీళ్లు గ్యాస్ మీద పెడితే? కిలో గ్యాస్‌లో దాదాపు 10,800 కిలో కేలరీలుంటాయి. ఐఎస్‌ఐ గుర్తున్న పొయ్యి అందులో మూడింట రెండు వంతులు గిన్నెకు అందిస్తుంది, అంటే 7,000 పైచిలుకు. రోజుకు 285 గ్రాములు ఖర్చు. 14.2 కిలోల సిలిండర్ నీళ్లకే యాభై రోజుల్లో ఖాళీ. ఇంటి ఇల్లాలు కాగితం మీద ఈ లెక్క వేయకపోవచ్చు కానీ సిలిండర్ ఎన్నాళ్లు వచ్చిందో ఆమెకు తెలుసు. అందుకే కాగును గ్యాస్ మీద పెట్టదు.

ఇప్పుడు రాయితీ సంగతి. 2024 ఫిబ్రవరి 27న మొదలైన రాష్ట్ర ప్రభుత్వ మహాలక్ష్మి పథకంలో 500 రూపాయలకే సిలిండర్ అన్నారు, మంచిదే. కానీ ఏడాదికి ఎన్ని సిలిండర్లకు రాయితీ అనేదానికి అంతకుముందు మూడేళ్ల వాడకం సగటును కొలతగా పెట్టారు. ఏడాదికి మూడు సిలిండర్లతో సరిపెట్టుకున్న ఇల్లు చేతిలో పైసలు లేకనే సరిపెట్టుకుంది. ఆ ఇంటికి మూడే. ఏడాదికి ఎనిమిది వాడగలిగిన ఇంటికి ఎనిమిది. కట్టెలు మోసి గ్యాస్ మిగిల్చిన వాళ్లకు ఇది జరిమానా వేసినట్టే. పొగ తగ్గించడమే ఉద్దేశమైతే తక్కువ వాడిన ఇంటికే ఎక్కువ ఇవ్వాలి.

రెండోది, పూర్తి ధర ముందు కట్టాలి, తేడా తర్వాత బ్యాంకు ఖాతాలో పడుతుంది. పత్తి ఏరే రోజుల్లో కైకిలి పైసలు చేతిలో ఉంటాయి కాబట్టి సిలిండర్ తీసుకుంటారు. ఫిబ్రవరి దాటాక పనులుండవు, సరిగ్గా అప్పుడే చేలో పత్తి కట్టె ఊరికే దొరుకుతుంది. సిలిండర్ మూలకు పోతుంది.

రాయితీ పడలేదన్న ఫిర్యాదుల్లో కొన్నిటికి కారణం చిన్నది. ఆధార్ ఆధారంగా వేసే సొమ్ము, ఆధార్‌ను ఆఖరుగా ఏ ఖాతాకు జోడించారో ఆ ఖాతాలో పడుతుంది, మనం పాస్‌బుక్ చూసుకునే ఖాతాలో పడాలని లేదు. సంఘం అప్పు కోసమో, పింఛను కోసమో కొత్త ఖాతా తెరిచిన ఇంట్లో ఇదే జరుగుతుంది. బ్యాంకులో ‘ఆధార్ సీడింగ్ ఏ ఖాతాకు ఉంది’ అని అడిగితే చెబుతారు. కనెక్షన్ చనిపోయిన మామ పేర, రేషన్ కార్డు కోడలి పేర ఉన్న ఇళ్లకు ఇంకో తంటా. మరణ ధ్రువపత్రం, మిగతా వారసుల సమ్మతి పత్రం, కోడలి ఆధార్ తీసుకుని గ్యాస్ ఏజెన్సీలో పేరు మార్పించుకున్నాకే రాయితీ గురించి అడగాలి.

రాయితీ ఎంత పెంచినా నీళ్ల పొయ్యి ఒక్క రోజులో ఆరిపోదు. అందుకని ఆ పొయ్యినే బాగు చేయాలి. 1983లో మొదలై 2002 దాకా నడిచిన జాతీయ పొగలేని పొయ్యిల కార్యక్రమం ఎందుకు మూలపడిందో గుర్తుంచుకుంటే పని సులువు. అప్పట్లో చాలాచోట్ల ఒకే కొలత కన్నాలు పెట్టారు. ఇంటి గిన్నె ఆ కన్నంలో కూర్చోకపోతే సందుల్లోంచి పొగ వచ్చేది. రెండో కన్నానికి మంట అందేది కాదు. చాలా ఇళ్లలో గొట్టంలో మసి తీయక అది మూసుకుపోయింది. వంటకు అందరి గిన్నెలూ వేరు వేరు కానీ నీళ్లకు ప్రతి ఇంట్లో ఒకే కాగు ఉంటుంది, అది మారదు. కాబట్టి కాగు కొలతకే పొయ్యి కట్టుకోవచ్చు. అదీ ఇంట్లో కాదు, వెనక వాకిట్లో, రేకు కింద.

కట్టే పద్ధతి ఇది. పుట్టమన్ను మూడు తట్టలు, వరి ఊక ఒక తట్ట, పేడ అర తట్ట కలిపి నీళ్లు పోసి రాత్రంతా నాననివ్వాలి. మంట తగిలే చోట సిమెంటు వాడొద్దు, వేడికి పగిలి రాలుతుంది. బండరాయి ముక్కలూ వద్దు, ఒక్కోసారి వేడికి చిటిలి ఎగురుతాయి. కాల్చిన ఇటుకలే వాడాలి. నిప్పుగది లోపలి కొలత 5 అంగుళాల చదరం, అడుగు నుంచి కాగు అడుగు దాకా ఎత్తు 12 అంగుళాలు. అంత ఎత్తు దేనికంటే, కట్టెలోంచి వచ్చే పొగ కాగుకు తగిలే లోపే మంటలో కాలిపోవడానికి. కాగును నిప్పుల మీదికి దించితే చల్లని అడుగు తగిలి మంట నల్లబడి మసి కడుతుంది. దగ్గరుంటే త్వరగా కాగుతాయని చాలామంది అనుకునేది ఇక్కడే తప్పుతుంది.

ముందు వైపు 5 అంగుళాల మూతి వదలాలి. ఆ మూతి మధ్యలో అడ్డంగా, స్లాబుకు మిగిలిన 8 మిల్లీమీటర్ల ఇనుప సలాకలను వేలు సందుతో పేర్చి జాలిలా లోపలి దాకా పెట్టాలి. కట్టె జాలి మీద, గాలి జాలి కింద. కింది సందులో బూడిద నిండితే గాలి ఆగి పొగ మొదలవుతుంది కాబట్టి రోజూ పొద్దున బూడిద లాగేయాలి. ఇది చేయని ఇంట్లో ఎంత మంచి పొయ్యి కట్టినా వారానికే పాత కథ.

కాగు కూర్చోవడానికి పైన మూడు మట్టి గుబ్బలు, బొటనవేలి మందం ఎత్తులో పెట్టాలి. ఆ తర్వాత అసలు లాభమిచ్చే భాగం వస్తుంది. కాగు చుట్టూ దాని ఎత్తులో మూడింట రెండు వంతుల దాకా మట్టిగోడ లేపాలి. గోడకూ కాగుకూ మధ్య చిటికెన వేలు దూరేంత సందు, 15 మిల్లీమీటర్లు, చుట్టూ సమంగా ఉండాలి. వేడి ఆ సందులోంచి కాగు పక్కలను రాసుకుంటూ పైకి పోతుంది. సందు మరీ ఇరుకైతే మంట ముందు మూతిలోంచి బయటికి తన్నుతుంది. రెండు అంగుళాలు వదిలితే వేడి కాగును తాకకుండానే ఎగిరిపోతుంది. సందు సమంగా రావడానికి కాగు చుట్టూ తడిపిన గోనెసంచిని మందంగా చుట్టి, దానికి ఆనించి మట్టి పెట్టి, గట్టిపడ్డాక సంచి లాగేయడం మేస్త్రీలు ఎరిగిన ఉపాయం.

రేకు కింద కాబట్టి పొగగొట్టం పెట్టదలిస్తే 4 అంగుళాల జీఐ (జింకు పూత ఇనుప) గొట్టం, రేకు మీద రెండు అడుగుల ఎత్తు, పైన టోపీ. అప్పుడు కాగు చుట్టూ సందు పైభాగాన్ని మట్టితో మూసి, పొగను గొట్టం వైపు మళ్లించాలి. మోటారు పైపు మిగిలిందని పీవీసీ పెట్టేవాళ్లున్నారు, అది మెత్తబడి వంగుతుంది, కాలితే విషపు పొగ. రేకు తాటికమ్మలకు దగ్గరగా ఉంటే గొట్టం వద్దు, నిప్పురవ్వతో ప్రమాదం. గొట్టం మసి నెలకొకసారి దులపాలి. పొయ్యి కట్టాక పది, పదిహేను రోజులు నీడన ఆరనిచ్చి, ముందు నాలుగు రోజులు చిన్న మంటే పెట్టాలి. బీటలు వస్తే పేడమన్నుతో పూయాలి, రావడం సహజం. కాగుకు మూత తప్పనిసరి. లోపల బోరు నీళ్ల ఉప్పు పొర కడితే చింతపండు నీళ్లు పోసి నాననిచ్చి తోమాలి.

కట్టె ఎండుదనం మీద ఎవరూ మాట్లాడరు కానీ పొగలో సగం దోషం దానిదే. అప్పుడే కొట్టిన సర్కారు తుమ్మ బరువులో చాలా భాగం నీళ్లే. ఆ నీళ్లు ఆవిరి కావడానికి మంట వేడి ఖర్చయి, నిప్పుగది చల్లబడి, పొగ కాలకుండానే బయటికొస్తుంది. కొట్టిన కట్టెను మణికట్టు కంటే సన్నగా చీల్చి, కింద రెండు దుంగలు వేసి నేలకు తగలకుండా, గాలి ఆడేలా పేర్చి ఎండాకాలం రెండు నెలలు ఎండబెట్టాలి. మిరుగం చినుకులు పడకముందే పైన కప్పు వేయాలి. రెండు కట్టెలు కొట్టుకుంటే ఖంగుమంటే ఎండినట్టు, దబ్‌మంటే పచ్చి. పొయ్యిలో ఒక్కసారి నాలుగైదు కుక్కకుండా రెండు మూడు కొసలే మండేలా లోపలికి జరుపుతూ ఉండాలి. అంటించడానికి పాలిథిన్ కవర్లు, విత్తనాల సంచులు, మందు డబ్బాల మూతలు వాడటం ఈ మధ్య ఎక్కువైంది, ఆ పొగ కట్టె పొగ కంటే చెడ్డది. ఎండిన తాటికమ్మ, మక్క బెండ్లు చాలు.

పత్తి కట్టె గురించి విడిగా చెప్పాలి. మన జిల్లాల్లో అదే ప్రధాన వంటచెరకు. పత్తి ఏరడం అయిపోయాక పీకి, చేను గట్టున కానీ ఇంటి వెనక కానీ కుప్ప వేస్తారు. ఆ కట్టెకు ఇంకా పగలని గుడ్డి కాయలు అంటుకునే ఉంటాయి. వాటిలోని గింజల్లో గులాబీ రంగు పురుగు నిద్రావస్థలో దాక్కుంటుంది. వానలు పడి కొత్త పత్తి పూతకు వచ్చే వేళకు రెక్కల పురుగై బయటికొచ్చి పక్క చేలో గుడ్లు పెడుతుంది. వ్యవసాయాధికారులు కట్టె నిల్వ పెట్టొద్దు, మోళ్లను యంత్రంతో ముక్కలు చేసి భూమిలో కలపండి అంటారు. వాళ్లు చెప్పేది నిజం. కానీ పొయ్యికి వేరే దారి చూపకుండా కట్టె పెట్టొద్దంటే ఎవరు వింటారు? వాడక తప్పని ఇళ్లకు మధ్యేమార్గం ఉంది. పీకిన రోజే కట్టెను నేలకేసి కొట్టి కాయలన్నీ రాల్చాలి, రాలిన కాయల్ని అక్కడే గుంతలో వేసి కాల్చేయాలి. ఒట్టి కట్టెనే ఇంటికి తేవాలి, చేను దగ్గర కుప్ప వేయొద్దు. మే నెలాఖరుకు వాడేయాలి, మిగిలితే ఉంచుకోవద్దు. పత్తి కట్టె సన్నం, త్వరగా మండి త్వరగా ఆరుతుంది కాబట్టి పైన చెప్పిన పొయ్యికి బాగా నప్పుతుంది, అయితే మనిషి పక్కనే కూర్చుని తోస్తూ ఉండాలి. మంట నిలకడగా ఉండాలంటే కంది కట్టె కలపాలి.

సామిల్లు దగ్గరున్న ఊళ్లకు పొట్టు పొయ్యి మంచిది. పదిహేను లీటర్ల నూనె డబ్బాకు కింద పక్కన రెండున్నర అంగుళాల కన్నం చేసి, అందులోంచి ఒక గొట్టం అడ్డంగా, నడుమ ఇంకొకటి నిలువుగా రెండూ తాకేలా పెట్టి, చుట్టూ ఎండిన రంపపు పొట్టును పిడికిలితో కూరాలి. వదులుగా కూరితే గొట్టం లాగగానే కూలుతుంది. తడి పొట్టైతే పొగే తప్ప మంట రాదు. గొట్టాలు మెల్లగా తిప్పుతూ తీసి, కింది కన్నంలో నిప్పు పెడితే రెండు గంటలకు పైగా తోయకుండా మండుతుంది. దీన్ని తలుపులు మూసిన గదిలో ఎప్పుడూ పెట్టొద్దు. రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.

కరెంటు రాడ్డు లెక్క కూడా చూద్దాం. అదే వంద లీటర్లకు రోజుకు రెండున్నర యూనిట్లు, నెలకు 75. రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకంలో 200 యూనిట్ల లోపు బిల్లు లేదు కాబట్టి ఫ్యాన్లు, టీవీ, ఫ్రిజ్ కలిపి 120 దాటని ఇంటికి ఇది గిట్టుబాటే. 200 దాటితే మొత్తం బిల్లు కట్టాలి, చలికాలం మీటరు చూసుకుంటూ ఉండాలి. పేచీ అంతా ఎర్తింగ్‌తో. చాలా ఇళ్లలో మూడు పిన్నుల సాకెట్ ఉంటుంది, మూడో పిన్నుకు వైరు ఉండదు. ఐఎస్‌ఐ రాడ్డు, ఎర్త్ గుంత, కరెంటు లీకైతే తనంతట తానే పడిపోయే స్విచ్ (ఆర్‌సీసీబీ) లేకుండా రాడ్డు పెట్టొద్దు. నీళ్లలో ముంచాకే స్విచ్ వేయాలి, ఆపి ప్లగ్గు తీశాకే నీళ్లు ముట్టాలి, ఇనుప బకెట్ అసలే వద్దు.

గ్యాస్ వాడే ఇళ్లలో కనిపించే లోపాలు మూడు. చలికాలంలో సిలిండర్ ఆఖరుకు వచ్చి మంట తగ్గితే సిలిండర్‌ను వేడినీళ్ల తొట్టిలో పెడతారు, లేదా అడ్డంగా పడుకోబెడతారు. అడ్డం పెడితే ద్రవం రెగ్యులేటర్‌లోకి పోయి ఒక్కసారిగా మంట లేస్తుంది, ఎప్పుడూ నిలువుగానే ఉండాలి. రెండోది వాల్వ్ లోపలి రబ్బరు రింగు పాడై గ్యాస్ లీకవడం. కొత్త సిలిండర్ వచ్చిన రోజే మూత తీసి సబ్బు నురగ వేసి చూడాలి, బుడగలు వస్తే దారంతో కట్టి ఉన్న మూత మళ్లీ బిగించి బయట పెట్టి 1906కు ఫోన్ చేయాలి. గ్యాస్ గాలి కంటే బరువు, నేల మీదే పాకుతుంది. అందుకే కట్టెల పొయ్యి ఉన్న గదిలో సిలిండర్ ఉండకూడదు. మూడోది, తూకం. తెచ్చినతని దగ్గర కాంటా ఉండాలి. సిలిండర్ కంఠం మీద రాసిన ఖాళీ బరువుకు 14.2 కలిపితే వచ్చే అంకె కాంటాలో కనబడాలి.

గోబర్ గ్యాస్ అందరికీ కాదు. రెండు ఘనమీటర్ల దీనబంధు రకం గోబర్ గ్యాస్ ప్లాంటుకు రోజుకు 50 కిలోల పేడ కావాలి, అంటే కట్టేసి మేపే నాలుగైదు పశువులు. పేడకు సమానంగా నీళ్లు కలపాలి. ట్రాక్టర్లు వచ్చి ఎడ్లు పోయిన ఇళ్లలో కట్టిన ప్లాంట్లు ఎండి బీటలు పడ్డాయి. పాడి ఉన్న ఇంటికి మాత్రం ఇంతకు మించినది లేదు. నెలకు సిలిండరున్నర పైన గ్యాస్ వస్తుంది, మడికి ఎరువు మిగులుతుంది.

ప్రభుత్వం నుంచి కోరేవి ఎక్కువేమీ లేవు. మహాలక్ష్మిలో మూడేళ్ల సగటు నిబంధన తీసేయాలి. పల్లె ఏజెన్సీల్లో ఇంటి వాడకపు 5 కిలోల సిలిండర్ అడిగిన వాళ్లకు ఇవ్వాలి, దుకాణాల్లో అమ్మే మార్కెట్ ధర చిన్న సిలిండర్ కాదు, రాయితీ వర్తించేది. ఇందిరమ్మ ఇళ్ల బిల్లులు పాస్ చేసేటప్పుడు ఎర్త్ గుంత, స్నానాల గది దగ్గర 16 ఆంపియర్ల సాకెట్, వెనక నీళ్ల పొయ్యికి ఒక రేకు జాగా ఉన్నాయా అని ఇంజినీర్లు చూడాలి. పత్తి మోళ్ల మీద రైతు వేదికల్లో పెట్టే మీటింగులకు ఆడవాళ్లను కూడా పిలవాలి, కట్టె తెచ్చేదీ కాల్చేదీ వాళ్లే. ఈసారి ఇంటింటి సర్వే ఫారంలో ‘వంట దేనితో’ అన్న ప్రశ్న కింద ‘స్నానాల నీళ్లు దేనితో’ అని ఇంకొక గడి చేర్చాలి.

ఇట్లు,
కొందరు పాఠకులు,
పరకాల, హనుమకొండ జిల్లా.